దూది ఊరి పిల్ల... దుమ్ములేని గది

పొద్దున ఐదున్నరకు ఫోన్ మోగితే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. ఆ రోజు నేను ఉగ్గాణికి బొరుగులు నానేసి, ఉల్లిపాయలు తరుగుతున్నాను. చేయి తుడుచుకుని ఫోన్ ఎత్తితే, హైదరాబాదు నుంచి మా అమ్మాయి.

"అమ్మా, రాత్రి నుంచి ఒకటే జలుబు. తుమ్ములు ఆగడం లేదు. ఈ రోజు లోపలికి పోలేనని మా సూపర్‌వైజర్‌కు చెప్పేస్తా" అంది.

నాకు కోపం వచ్చింది. "పిచ్చిదానా! జలుబు రానోళ్లు ఎవరు? ఒక మాత్ర వేసుకో, ముక్కు గట్టిగా తుడుచుకుని పో. చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే జలుబు, దగ్గు అంటే ఏమనుకుంటారు? చెప్పొద్దు" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "నీకు తెలియదు లేమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట రోజంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. నిజమే, నేను చదివింది ఇంటర్మీడియట్. అదీ ఎమ్మిగనూరులో. ఆ తర్వాత పెళ్లి, ఆదోని, వంటిల్లు. కానీ కన్నబిడ్డ నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో అక్కయ్యలందరికీ తెలుసు కదా! ఆ రోజు నాకు తెలియనిదేమిటో తర్వాత తెలుసుకున్నాను. అదే మీతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు.

మా పుట్టింటి వాళ్లు నేతగాళ్లు. ఎమ్మిగనూరు పేరు చెబితే మగ్గాలే గుర్తుకొస్తాయి. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం నీడలో బతికిన కుటుంబాలు మా వీధి నిండా ఉండేవి. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా నూలు పోగే.

మెట్టినిల్లు ఆదోని. రెండు ఊళ్లకూ మధ్య పట్టుమని 30 కిలోమీటర్లు. అక్కడ నూలైతే ఇక్కడ దూది! పత్తి మార్కెట్‌కు పెద్ద పేరున్న ఊరు మాది. దసరా దాటితే చాలు, ట్రాక్టర్ల నిండా పత్తి. మా వారు ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. గింజ వేరు చేసి, దూదిని బేళ్లుగా కట్టే చోటు. సీజన్‌లో ఆయన ఇంటికొస్తే మనిషికి ముసలితనం ముందే వచ్చినట్టు ఉంటుంది. తల మీద, కనుబొమల మీద, చెవుల్లో కూడా తెల్లటి నుసి. పెళ్లయిన కొత్తలో నేను నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత ఆ నుసి తుడవడమే నా బతుకైపోయింది.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల మైక్రోబయాలజీ చదివి, ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో చేరింది. దాని పని "క్లీన్‌రూమ్"లో అట. చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. "కిటికీలు లేని గదిలో పని. బొట్టు పెట్టుకోకూడదు, గాజులు వేసుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు" అంటే వాళ్లు నోరు నొక్కుకునేవాళ్లు. ఒక సంబంధం వాళ్లయితే "మా ఇంటికి వచ్చాక ఆ పని మానేయాలి" అని ముందే చెప్పేశారు. నాకూ లోపల అదే ఉండేది. ఈ చదువుకు వేరే ఉద్యోగమే దొరకలేదా అని.

జలుబు గొడవ జరిగిన నెలకు కంపెనీలో కుటుంబాలకు చూపించే రోజు ఒకటి పెట్టారు. మా వారికి మిల్లు సీజన్. నేనే ఎమ్మిగనూరు నుంచి నాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. మమ్మల్ని లోపలికి రానివ్వలేదనుకోండి. పొడుగాటి వసారా, దానికి పెద్ద పెద్ద అద్దాలు. అద్దం ఇవతల మేము, అవతల వాళ్లు.

అమ్మాయి పక్కన నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. మొదట బయటి బట్టలు మార్చుకోవాలి. చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. ఆ తర్వాత గదికి అడ్డంగా ఒక బల్ల. దానికి ఇవతల మురికి నేల, అవతల శుభ్రమైన నేల. బల్ల మీద కూర్చుని, ఒక్కో కాలికీ తొడుగు వేసుకుని, ఆ కాలు అటువైపు దించాలి. మన గడపలాగే అన్నమాట, కాకపోతే తొక్కకుండా దాటాలి. తలకు తొడుగు, తర్వాత ఒళ్లంతా కప్పే ఒకటే చొక్కా-ప్యాంటు. తొడుక్కునేటప్పుడు అది నేలకు తగలకూడదు. తగిలితే అది పక్కన పడేసి ఇంకొకటి. ఆఖరున కళ్లద్దాలు, తొడుగుల మీద తొడుగులు. కళ్లు కూడా కనబడని ఆ తెల్లటి మనుషుల్లో ఎవరి బిడ్డ ఎవరో ఏ తల్లీ గుర్తుపట్టలేదు!

"ఇంత ఎందుకమ్మీ?" అన్నాను.

"అమ్మా, ఆ గదిలో అన్నిటికంటే మురికి వస్తువు మనిషే" అంది.

ఊరికే నిలబడినా మన చర్మం మీద నుంచి పొట్టు రాలుతూనే ఉంటుందట. మాట్లాడితే తుంపర, నడిస్తే ఇంకా ఎక్కువ. అందుకే లోపల పరుగెత్తకూడదు, చేతులు ఊపకూడదు, అవసరం లేని మాట మాట్లాడకూడదు. మందు సీసాలో నింపే చోట ఒక ఘనమీటరు గాలిలో అర మైక్రాన్, అంతకంటే పెద్ద రేణువులు 3,520కి మించకూడదని నియమం. అర మైక్రాన్ అంటే ఎంత? మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. దాన్ని అడ్డంగా 140 ముక్కలు చేస్తే అందులో ఒకటి! మనం పీల్చే మామూలు గాలిలో ఆ లెక్క కోట్లలో ఉంటుందట. మా మిల్లులో లెక్క పెడితే యంత్రమే దండం పెట్టి పారిపోతుందేమో!

గది కట్టిన తీరు చూసి నాకు ముచ్చటేసింది. గోడా నేలా కలిసే చోట మూల లేదు, గిన్నె అడుగులా గుండ్రంగా తిప్పేశారు. మూల ఉంటే కదా దుమ్ము దాక్కునేది! మన ఇళ్లు కట్టేటప్పుడు ఒక్క మేస్త్రీకైనా ఈ ఆలోచన వచ్చిందా? తుడిచేది వాళ్లు కాదు కదా. నేలకు అతుకు లేదు, గోడకు మేకు లేదు, కిటికీకి గట్టు లేదు. గాలి పైకప్పులోని ఫిల్టర్ల గుండా దిగి, నేలకు దగ్గరగా ఉన్న జాలీల్లోంచి బయటికి పోతుంది. దుమ్మును పైకి లేవనీయకుండా కిందికి తోసుకుపోవడమే కిటుకు. ఆ ఫిల్టర్లను హెపా అంటారు. 0.3 మైక్రాన్ల రేణువులు పదివేలు వస్తే 9,997 పట్టేస్తాయి.

ఇంకో విశేషం. శుభ్రమైన గదిలో గాలి ఒత్తిడి పక్క గది కంటే కొంచెం ఎక్కువ ఉంచుతారు. తలుపు తీస్తే గాలి లోపలి నుంచి బయటికే పోవాలి గాని, బయటి గాలి లోపలికి రాకూడదు. ఆ తేడా ఎంతో కాదు, 10 నుంచి 15 పాస్కల్స్. నీటి మట్టంలో చెప్పాలంటే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. ఆ కాస్త తేడా కోసం గోడకు ముల్లున్న మీటరు పెట్టి, రాత్రీ పగలూ రాసుకుంటారు. కరెంటు పోయి ఆ ముల్లు పడిపోయిందంటే పని ఆపేయాల్సిందే.

నాయన అన్నీ వింటూ, అద్దానికి కళ్లు ఆనించి వాళ్ల బట్టలనే చూస్తున్నాడు. "పాపా, ఆ గుడ్డ నూలుదేనా?" అన్నాడు.

"కాదు తాతా, పాలిస్టర్. నూలు లోపలికి రానివ్వరు. పోగులు రాలుతాయి."

నాకు నాయన ముఖం చూడటానికి భయమేసింది. బతుకంతా నూలు నేసిన మనిషి. కానీ ఆయన తల ఊపాడు. "నిజమే. పత్తి దారమంటే ఏంది? బొటనవేలంత కూడా లేని పొట్టి పోగుల్ని పురి పెట్టి నిలబెట్టింది. ఎక్కడో ఒక కొన ఊడుతానే ఉంటాది. నేను నేసేటప్పుడు ఎండ పడితే ఆ నుసంతా కనబడేది. పట్టుపోగైతే ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒకటే. ఇదీ అట్లాంటిదే అయ్యుంటాది" అన్నాడు. మాకు చూపిస్తున్న ఆఫీసరు ఆశ్చర్యపోయి "పెద్దాయనా, సరిగ్గా చెప్పావు" అన్నాడు. నాయన మీసం మీద చెయ్యేసుకున్నాడు!

ఆ ఆఫీసరే ఇంకో సంగతి చెప్పాడు. ఇలాంటి గదికి దారి చూపింది విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త. 1960ల మొదట్లో శాండియా ప్రయోగశాలలో పనిచేసేవాడు. అంతకుముందు గదులను ఎంత తోమినా, మనిషి లోపలికి రాగానే దుమ్ము తయారయ్యేది. దుమ్మును వెతికి తుడవడం కాదు, శుభ్రమైన గాలిని ఆపకుండా పారించి దుమ్మును ఊడ్చేయాలని ఆయనకు తోచింది. ఆయన పుట్టింది ఓక్లహోమా రాష్ట్రంలో ఒక పత్తి రైతు ఇంట అట! విని నేనూ నాయనా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పత్తి నుసి చూసినవాడికే కదా దుమ్ము సంగతి తెలిసేది!

మన దగ్గర ఈ మందుల పరిశ్రమ ఊరికే రాలేదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అందులో పనిచేసిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. వరప్రసాదరెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో కామెర్ల టీకాను తెచ్చింది. కరోనా రోజుల్లో మనలో చాలామంది వేయించుకున్న కోవాగ్జిన్ కూడా హైదరాబాదు దగ్గరి జీనోమ్ వ్యాలీలో తయారైనదే. వాటన్నిటి వెనకా ఇలాంటి అద్దాల గదులూ, అందులో బొట్టు లేకుండా నిలబడ్డ ఆడపిల్లలూ ఉన్నారన్న సంగతి నాకు అంతవరకూ తోచలేదు.

అద్దం అవతల ఒకామె నేల తుడుస్తోంది. లోపలి మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి అడుగులేస్తూ తలుపు వైపు వస్తోంది. ఒక బకెట్‌లో మందు నీళ్లు, ఇంకో బకెట్‌లో మురికి పిండటానికి. మురికి గుడ్డ మళ్లీ మంచి నీళ్లలో ముంచదు. ఆమెకు దానిలో శిక్షణ ఇస్తారట. పని అయ్యాక కాగితం మీద టైము వేసి సంతకం పెడుతుంది. అది చూసి నా కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్లకు పైగా ఇల్లు తుడిచాను. ఏ రోజూ ఎవరూ సంతకం అడగలేదు!

కానీ నా మనసు మార్చింది ఇవేవీ కాదు. వచ్చేముందు నేను ఒక తెలివితక్కువ ప్రశ్న వేశాను. "అంతా అయ్యాక మందును కాచేస్తే సూక్ష్మజీవులు చస్తాయి కదమ్మా, ఇంత హడావిడి ఎందుకు?"

"కొన్ని మందులు వేడికి చెడిపోతాయమ్మా, వాటిని కాచలేం. కాచినా ఇంకో చిక్కుంది. పురుగు పట్టిన పిండిని ఉడికిస్తే పురుగు చస్తుంది. పిండి మంచిదవుతుందా?"

కొన్ని రకాల బ్యాక్టీరియా చచ్చినా వాటి పెంకులోని విషం అలాగే మిగులుతుందట. దాని పేరు ఎండోటాక్సిన్. మామూలుగా మరిగిస్తే పోదు. అందుకే ఖాళీ సీసాలను 250 డిగ్రీలు, ఆ పైన వేడిలో కాలుస్తారు. ఆ విషం సెలైన్‌లోనో, ఇంజెక్షన్‌లోనో రక్తంలోకి పోతే మనిషికి చలిజ్వరం పుట్టుకొస్తుంది, ఒళ్లంతా వణికిపోతుంది అని చెప్పింది.

వణుకు అనగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

1998లో అమ్మకు వాంతులు, విరేచనాలు అయి నీరసపడిపోతే ఒక నర్సింగ్ హోంలో సెలైన్ పెట్టించాం. అరగంట కాలేదు, మంచం కొట్టుకునేంత వణుకు పట్టుకుంది. నాలుగు దుప్పట్లు కప్పి, నేను మీద పడుకుని పట్టుకున్నాను. నర్సు పరుగెత్తుకొచ్చి సెలైన్ తీసేసింది. గంట తర్వాత తగ్గింది. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు, మాకు అడగడం తెలియదు. ఆ సీసాలోనే దోషమని నేను ఈ రోజుకీ అనలేను. జ్వరమే అయ్యుండొచ్చు, ఇంకేదైనా అయ్యుండొచ్చు.

ఆ వణుకు అమ్మను చంపలేదు. కానీ ఆ భయం చంపింది. అప్పటి నుంచి సూది అంటే ఆమడ దూరం. తర్వాత షుగర్ వచ్చింది. మాత్రలకు లొంగలేదు, ఇన్సులిన్ తీసుకోవాలని డాక్టరు ఎంత చెప్పినా "ఆ సూది నాకొద్దు తల్లీ" అనేది. కాలికి పుండు పడింది. 2006లో పోయింది.

తిరుగు బస్సులో కర్నూలు దాటేదాకా నేను నోరు విప్పలేదు. జలుబు సంగతి దాచిపెట్టి లోపలికి పొమ్మని నేను చెప్పింది ఎవరికి? ఎవరి ఇంట్లోనో నాలాంటి కూతురు దుప్పట్లు కప్పుకుంటూ కూర్చునేలా చేయమని కదా! ఇల్లు చేరిన వెంటనే అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా."

అది నవ్వింది. "పోనీలేమ్మా. నాకు నాలుగు రోజులు బయట రికార్డులు రాసే పని ఇచ్చారు, అంతే. నైట్ డ్యూటీ డబ్బులు కొంచెం పోయినాయి. ఎవరి అమ్మకో ఎక్కే మందు కదా!"

మా అమ్మ కథ దానికి ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడుకోలేదు, ఫోన్ మాత్రం పెట్టలేదు.

ఇంతటితో కథ అయిపోతే బాగుండేది. సంక్రాంతికి ఇంటికొచ్చిన అమ్మాయి, వాళ్ల నాయన దగ్గు విని నన్ను నిలదీసింది. "ఎన్నాళ్ల నుంచి?" అంది. ఏళ్ల నుంచి. సీజన్‌లో మరీ ఎక్కువ. సెలవు రోజు బాగుంటాడు, మళ్లీ పనికి పోయిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు ఉంటుందంటాడు. పత్తి దుమ్ములో పనిచేసేవాళ్లకు వచ్చే జబ్బు సరిగ్గా అలాగే మొదలవుతుందట, బిసినోసిస్ అంటారట. నాకు చెమటలు పట్టాయి.

"అమ్మా, నేను పనిచేసే చోట మనిషి నుంచి మందును కాపాడటానికి అన్ని యంత్రాలున్నాయి. మిల్లులో దూది నుంచి మనిషిని కాపాడటానికి ఏముంది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

అది ఎన్-95 మాస్కుల పెట్టె కొని ఇచ్చిపోయింది. ఇంట్లో కుట్టే గుడ్డ మాస్కు ఆ సన్న నుసిని సరిగా ఆపదట. మా వారు మొదట ఎగిరిపడ్డారు. "ఇన్నేళ్లు లేని మూతిగుడ్డ ఇప్పుడెందుకే? హమాలీలు నవ్వుతారు" అన్నారు. నేను ఒకటే మాట అన్నాను. "అత్తయ్య పోయింది జబ్బుతో కాదు, భయంతో. మీరు సిగ్గుతో పోతారా?" ఆయన మారు మాట్లాడలేదు. కర్నూలు తీసుకుపోయి ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాం. మందు పీలుస్తున్నారు. మాస్కు సగం రోజు మెడలోనే వేలాడుతోందని నాకు తెలుసు. సగం రోజైనా ముక్కు మీద ఉంటోంది కదా! ఈ మధ్య ఇద్దరు హమాలీలు కూడా అడిగి తీసుకున్నారట. ఫ్యాన్లు పెట్టించమని యజమానిని అడగడానికి మాత్రం ఆయనకు ఇంకా నోరు రాలేదు. వచ్చేదాకా నేను ఊరుకోను.

మా ఇంట్లోనూ కొన్ని మారాయి. మా వారు మిల్లు బట్టలు పెరట్లోనే విప్పి, స్నానం చేసి లోపలికొస్తారు. నేను ఇల్లు తుడవడం లోపలి మూల నుంచి మొదలుపెట్టి వాకిట్లో ముగిస్తున్నాను, రెండు బకెట్లతో. దుమ్ము పై నుంచి కిందికే దులుపుతాను. దూది నుసిని పొడి చీపురుతో లేపకుండా తడిగుడ్డతో అద్దుతాను. ఊరగాయ జాడీలోకి తడి గరిటె పోకూడదని మా అవ్వ ఎందుకు గొంతు చించుకునేదో ఇప్పుడు బాగా అర్థమైంది. ఒక్క చుక్క చాలు, జాడీ అంతా బూజు.

అమ్మాయికి సంబంధాలు చూస్తూనే ఉన్నాం. మొన్న వచ్చినవాళ్లు కూడా "బొట్టు, గాజులు లేకుండా పనేంటండీ?" అన్నారు. ఈసారి నేను తల దించుకోలేదు. "మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఇంజెక్షన్ చేయించుకున్నారా వదినా?" అని అడిగాను.

"ఎందుకు చేయించుకోలేదు? మా అత్తకు రోజూ ఇన్సులినే" అంది ఆమె.

"అయితే కూర్చోండి. ఉగ్గాణి చేశాను, తింటూ చెప్తాను" అన్నాను.